పదిహేడో నంబరు పిల్ల

దుబాయ్ షేక్ ఒకాయన నా పేరు విని, విమానం టిక్కెట్టు పంపి, "మీ దగ్గరున్న పాత సినిమా కార్డులు ఒక్కసారి చూడాలి, దయచేయండి" అని కబురు పెట్టాడని మా వీధిలో చెప్పి వచ్చాను. అది కోత. అచ్చులో అబద్ధం నిలవదు కనుక ముందే ఒప్పుకుంటున్నాను. టిక్కెట్టు నేనే కొనుక్కున్నాను. నడి వేసవిలో అటు వెళ్ళేవాళ్ళు ఉండరు కాబట్టి చవగ్గా దొరికింది. పిలిచింది షేకూ కాదు, నవాబూ కాదు. మా వీధి మస్తాన్. అక్కడ బట్టలుతికి ఇస్త్రీ చేసే కంపెనీలో వ్యాను తోలుతాడు. రెండు వేల నాలుగు వేసవిలో ఒకరోజు ఫోను చేశాడు.

"బాబాయ్, నీ దగ్గరున్న బొమ్మల్లాంటి బొమ్మ ఒకటి బర్ దుబాయ్‌లో ఒక కొట్లో చూశా. అదే దొర, అదే విమానం. కానీ..."

"కానీ ఏంట్రా?"

"దానికి కళ్ళు లేవు బాబాయ్."

నా కార్డుల గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పెద్ద యుద్ధం అయిపోయిన కొత్తలో మా కావలి వైపు డేరా సినిమాలకి ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. అసలు సినిమాకి ముందు వారానికి రెండు రీళ్ళు వేసేవాళ్ళు. దాని పేరు ఎవరికీ నోరు తిరగక అందరం 'రెక్కల దొర' అనేవాళ్ళం. పైకప్పు లేని విమానంలో శత్రువుల దీవుల మీద ఎగిరే ఒక దొర, అతనికి వైర్‌లెస్‌లో కబుర్లు అందించే ఒక పిల్ల. ఆ బొమ్మలనే రంగుల్లో అచ్చువేసి పిప్పరమెంటు పొట్లాల్లో ఒక్కొక్కటి పెట్టి అమ్మారు. అరచేతిలో సగం ఉండే మందపాటి అట్టలు. ముందు వైపు బొమ్మ, మూలన అంకె, వెనక ఇంగ్లీషులో కథ.

మొత్తం ముప్పై ఆరు. రైల్వేలో గూడ్సు గుమాస్తాగా ఊరూరూ తిరుగుతూ ముప్పై అయిదు పోగుచేశాను, ఒక్కదాని మీదైనా గోటి గీత లేకుండా. లేనిది పదిహేడో నంబరు. మొత్తం సెట్టులో వైర్‌లెస్ పిల్ల మొహం నిండుగా కనిపించేది అందులోనేనట. శత్రువుల దీవి ఒడ్డున ఆమెను దించి, "తిరిగొస్తాను" అని దొర ఎగిరిపోయే ఘట్టం అది. ఆ ఒక్క కార్డు కోసం నేను కాళ్ళరిగేలా తిరగని ఊరు లేదు. సముద్రం ఒక్కటే మిగిలింది. దాన్నీ దాటాను.

బర్ దుబాయ్: ఎవరూ దాచుకోని కార్డు

మస్తాన్ ఉండేది దుబాయ్‌లోనే సత్వా అనే పేటలో. ఒక గదిలో ఎనిమిది మంది, ఎవరి మంచం చుట్టూ వాళ్ళకి పాత చీర తెర. నాకు మంచమిచ్చి అతను నేలమీద పడుకున్నాడు. తెల్లవారుజామునే బయట అడుగు పెడితే కళ్ళద్దాలకి ఆవిరి పట్టి లోకమంతా పాలు పోసినట్టయింది. మన దగ్గర చలికి పట్టే ఆవిరి అక్కడ వేడికి పడుతుంది.

వ్యానులో నన్ను బర్ దుబాయ్ దగ్గర దించి మస్తాన్ డ్యూటీకి పోయాడు. బట్టల కొట్ల సందుల్లో అరగంట తిరిగాను. ప్రార్థన వేళకి కొట్టువాళ్ళు గల్లాపెట్టె ముందు ఒక గుడ్డ అడ్డంగా కట్టేసి వెళ్ళిపోయారు, అంతే. మా ఊళ్ళో అయితే వచ్చేసరికి ఆ గుడ్డ కూడా ఉండదు. కాలువ మీద అర దిర్హానికి, అంటే మన ఆరు రూపాయలకి, చెక్క పడవలో అవతలి ఒడ్డు చూసొచ్చి, పాత నాణేలూ స్టాంపులూ అమ్మే ఘనీ సాబ్ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. హైదరాబాదు మనిషి, గడ్డానికి గోరింటాకు.

నేను కార్డు మాట ఎత్తగానే ఆయన మొహం మాడింది. అడుగు సొరుగులోంచి ఒక కవరు తీసి, తెరవకుండా నా ముందుకు తోశాడు.

"తీస్కపోండి సాబ్."

"ఎంత?"

"ఎంత లేదు, ఏం లేదు. నా దుకాన్ల నుంచి పోతే సాలు. ఇది వచ్చినప్పటి సంది కొట్ల ఏదో ఒకటి పగుల్తనే ఉంది."

కవరు తెరిచాను. తొమ్మిదో నంబరు. దొర విమానం ఎక్కే బొమ్మ. ఏమాత్రం చలించకుండా దాన్ని పరీక్షించానని ఇక్కడ రాయాలని ఉంది. నిజానికి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. బొమ్మలోని ప్రతి గీత మీదా సూది పోట్లు. విమానం అంచుల వెంట, దొర చేతుల వెంట, గడ్డం వెంట, ఒకదాని పక్కన ఒకటి. కళ్ళున్న చోట మాత్రం రెండు పెద్ద బొక్కలు. ట్యూబ్‌లైటుకి అడ్డంగా పెట్టి చూస్తే ఆ బొక్కల్లోంచి వెలుగు వచ్చి నా కళ్ళలోనే పడింది. దొరే నన్ను చూస్తున్నట్టుంది.

"ఎవరిచ్చారు?"

"ఉమ్ అల్ క్వైన్‌ల ఒక ముసలి టైలర్. మీ తెలుగోడే, ఖాదర్ అని. ఈ నంబరువి రెండున్నయని ఒకటి నమూనాకిచ్చి, ఇట్లాంటి కార్డులల్ల ముప్పై ఆరో నంబరు దొరికితే కబురు పెట్టుమన్నడు. ఇంట్ల ఒక చెల్లె ఉన్నదట. చీకట్ల కూసోని కార్డులతోటి మాట్లాడ్తదట. నేనైతే పోలే, మీరు గూడ పోకుండ్రి."

ముప్పై ఆరు నా దగ్గరుంది. వాళ్ళ దగ్గర పదిహేడు ఉంటుందేమో. చిరునామా రాయించుకున్నాను.

దారిలో: ఇసుకలో విమానం

మర్నాడు దుబాయ్‌కి గంట దూరంలోని ఉమ్ అల్ క్వైన్‌కి పోయే వ్యాను ఎక్కాను. వెంట తెచ్చుకున్న నా కార్డుల ఆల్బమ్ మస్తాన్ పెట్టెలో దాచి తాళం వేసి మరీ వెళ్ళాను. సూదులున్న ఇంటికి నా పిల్లల్ని తీసుకుపోతానా? పక్క సీట్లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన రాజం, అక్కడ ఏదో ఫ్యాక్టరీలో పని. నా పంచె చూసే పలకరించాడు.

"ఏ ఊరు కాక మీది? గీ ఎండలల్ల ఏడికి బయలెల్లినవ్?"

చెప్పాను. అతను నమిలే వక్క ఆపేశాడు.

"ఖాదర్ టైలర్ ఇల్లా? గా ఇంటి ముంగటికెల్లి మేం పోం కాక. పొద్దుమూకులు టక్ టక్ మని సప్పుడత్తది. బల్లి గాదు, గడియారం గాదు. మా రూంల ఒగడు కిటికీలకెల్లి తొంగి సూశిండు. గోడ మీద గింత పెద్ద ఆడిమనిషి మొకం, అంత సుక్కలే. వారం దినాలు జరం పట్టింది వానికి. ఖలాస్."

"నాకు అట్లాంటివంటే లెక్కలేదయ్యా. స్టేషను మాస్టరు దయ్యంతో కలిసి డ్యూటీ చేసినవాణ్ణి," అన్నాను.

"అవునా కాక?" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి.

కాదు. ఆ స్టేషను మాస్టరు బతికే ఉన్నాడు, మాట్లాడకపోవడమే ఆయన స్వభావం.

రాజం పనిచేసే చోటు ఊరికి ఇవతలే. "ఈడ దిగి ఒక సారి అటు సూడు, గా ఇమానం సూశి పో," అని అతనే నన్ను దించాడు. రోడ్డు పక్క ఇసుకలో ఒక పెద్ద సరుకుల విమానం, ఎవరో మరిచిపోయినట్టు నిలబడి ఉంది. మా కావలి స్టేషనంత ఉంది అనుకున్నాను. సరే, ప్లాట్‌ఫారమంత. రెక్కల కింద నీడ, ఆ నీడలో ఒక్క పక్షి కూడా లేదు. గాలి వచ్చినప్పుడల్లా దాని పొట్టలోంచి సన్నగా, ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊదినట్టు ఈల వినిపిస్తోంది. తిరిగి చూస్తే రాజం లేడు. ఫ్యాక్టరీ గేటులోకి వెళ్ళిపోయి ఉంటాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం చుట్టూ కనుచూపు మేర ఇసుక, నేనూ, ఆ ఈలా. టాక్సీ వచ్చేదాకా దానికి వీపు చూపించే ధైర్యం చాలక ఎదురుగానే నిలబడ్డాను.

ఉమ్ అల్ క్వైన్: మొద్దుబారుతున్న వేళ్ళు

పాత బజారు వెనక, వాగు లాగా లోపలికొచ్చిన సముద్రం పక్కన ఆ ఇల్లు. వాకిట్లో రంగు వెలిసిన టైలరు బోర్డు. మిట్టమధ్యాహ్నం. ఆ పూట కరెంటు లేదు. వీధిలో ఏ ఏసీ మోతా లేక ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టినట్టుంది. తలుపు ఓరగా తీసి ఉంది.

టక్. టక్. టక్.

పిలుద్దామని నోరు తెరిచాను. అంతలో లోపలి చీకట్లోంచి ఒక ఆడ గొంతు, అచ్చం మా నెల్లూరు యాసలో, ఎవరికో చెబుతున్నట్టు వినిపించింది.

"ఒడ్డున నిలబడుండాది. అలలు మోకాళ్ళ దాకా వచ్చె. చెయ్యెత్తలా. ఏడవలా. వైర్‌లెస్ పెట్టె తడిసిపోయుండాది..."

నా పదేళ్ళప్పటి డేరా సినిమాలో, తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి కథ చెప్పే మనిషి మాటలవి. అరవై ఏళ్ళ కింద విన్నవి. ఎడారి దేశంలో, మూసిన కిటికీల వెనక నుంచి.

"ఎవరది గుమ్మంలో?" అంది ఆ గొంతు. "ఊపిరి పీలస్తా నిలబడబాకండి, లోపలికి రండి. అన్నా, ఎవరో ముసలాయన. చెప్పుల్లో ఇసుక పోసుకొచ్చాడు."

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక ఇద్దరు కనిపించారు. కుట్టుమిషను ముందు ఖాదర్, కళ్ళజోడుకి దారం కట్టుకున్న సన్నటి మనిషి. చేతిలో సూది, సూది కింద ఒక కార్డు, కార్డు కింద మడత పెట్టిన కంబళి. చాప మీద ఆయన చెల్లెలు హుసేనమ్మ. చిన్నప్పుడు మశూచి పోసి రెండు కళ్ళూ పోయినావిడ.

నేను కార్డుల మనిషినని చెప్పాక అంతా తెలిసింది. వాళ్ళూ కావలి పక్కవాళ్ళే. డేరాలో అన్న చెల్లెలి చెవిలో బొమ్మ చెబుతుండేవాడట. ఆవిడకది చాల్లేదు. "నేను చూడాల" అని పోరు పెడితే, దర్జీ కొట్లో కాజాలు కుట్టే పదకొండేళ్ళ ఖాదర్‌కి ఒక ఉపాయం తోచింది. పిప్పరమెంటు కార్డులో గీతల వెంట సూదితో పొడిచాడు. పొడిచిన చోట వెనక వైపు అట్ట లేస్తుంది. వెనక్కి తిప్పి ఆ గరుకు మీద వేళ్ళు నడిపితే బొమ్మ. పాత రోజుల్లో ఆయన లాంచీలో ఇటొచ్చినప్పుడూ, తర్వాత చెల్లెల్ని తెచ్చుకున్నప్పుడూ ఆ కార్డులు వెంటే వచ్చాయి.

"మరి ఆ కళ్ళేంటి, అంతంత బొక్కలు?" అని అడిగాను.

హుసేనమ్మే చెప్పింది. "షుగరు సార్ నాకు. వేలి కొసలు మొద్దుబారతన్నాయి. ముందు చిన్న సూది పోటు తెలిసేది. ఇప్పుడు తెలీడంలా. అందుకని అన్న మళ్ళా మళ్ళా పెద్ద సూదితో పొడస్తన్నాడు, మొహం దొరకాలని కళ్ళ కాడ మరీ పెద్దవి. పదిహేడైతే దబ్బనం దాకా వచ్చింది. ఇంకొన్నాళ్ళకి అట్టా ఉండదు, వేళ్ళూ ఉండవు."

అది నా కళ్ళతో చూస్తే గాని అర్థం కాలేదు. ఎక్కడెక్కడ పోటు తప్పిందో చూసుకోవడానికి ఖాదర్ టార్చిలైటు ముందు పదిహేడో కార్డు పెట్టాడు. ఎదుటి గోడ నిండా ఒక ఆడపిల్ల మొహం లేచింది. అంతా వెలుగు చుక్కలే. రెండు కళ్ళు, పళ్ళెమంత పళ్ళెమంత. ఆయన చెయ్యి వణికినప్పుడల్లా ఆ మొహం ఊపిరి తీస్తోంది. అరవై ఏళ్ళు వెతికిన పిల్ల. నేను గోడ దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎట్టుండాది?" అంది హుసేనమ్మ, గోడకేసి మొహం తిప్పకుండానే. "బాగుండాదా సార్ ఆ పిల్ల?"

"బాగుంది," అన్నాను.

ముప్పై ఆరు నా దగ్గరుందని చెప్పి, పదిహేడు నాకిమ్మన్నాను. ఆవిడ చాప మీది కార్డులు సర్దుకుంది.

"మా దగ్గర ముప్పై అయిదుండాయి. ఆఖరిది లేదు. దొర ఈ పిల్ల కోసం తిరిగి వచ్చాడా లేదా, అదే నాకు తెలవాల. ఆఖరి రీలు ఆడిన రోజు నాకు జొరం, అన్న ఒక్కడే పోయాడు. ఇంటికొచ్చి, దొర తిరిగాడు, ఆ పిల్లని ఎక్కించుకున్నాడు అని చెప్పాడు. మా అన్న మంచోడు సార్. మంచోళ్ళ మాట ఎట్టా నమ్మేది? నా వేళ్ళకి తగలాల. ముప్పై ఆరు తెచ్చి చూపించండి, ఈ పిల్లని తీసుకుపొండి. ఇంక నాకు ఈమెతో పనుండదు."

ఖాదర్ తల వంచుకుని సూదికి దారం ఎక్కిస్తున్నాడు. సూదిలో అప్పటికే దారం ఉంది.

అన్నం పెట్టకుండా పంపలేదు. చేపల పులుసు, నెల్లూరు చెయ్యే, కానీ మామిడికాయ ముక్క వేయాల్సిన చోట నల్లటి ఎండు నిమ్మకాయ వేశారు. మొదటి ముద్దకి మందులా అనిపించింది. మూడో ముద్దకి ఇంకొంచెం పులుసు అడిగాను.

సత్వా: నా తెలివి

ముప్పై ఆరో కార్డు నేను సూదికి ఇచ్చేశానని, త్యాగం చేశానని మా ఊళ్ళో చెప్పుకుంటున్నాను. ఇవ్వలేదు. సత్వాలో ఒక మలబారీ జిరాక్స్ కొట్టుకి వెళ్ళాను.

అక్కడ నాకొక ఆలోచన వచ్చింది. ఖాదర్ బొమ్మ వైపు నుంచి పొడుస్తాడు, ఆవిడ వెనక నుంచి తడుముతుంది. అంటే ఆవిడకి బొమ్మ అద్దంలోలాగా తిరగబడి తగులుతుంది! కుడి ఎడమ అవుతుంది. అరవై ఏళ్ళుగా పాపం తిరగబడ్డ కథ చదువుతోంది, ఆ అన్నకీ తట్టలేదు. నాకు తట్టింది. ఈ ఒక్క కార్డయినా సవ్యంగా అందిద్దామని, బొమ్మని ముందు పల్చటి ప్లాస్టిక్ కాగితం మీదికి తీయించి, దాన్ని బోర్లా పెట్టి మళ్ళీ తీయించాను. ఇప్పుడు కాగితం మీద తిరగబడ్డ బొమ్మ. వెనక నుంచి తడిమితే సరైన బొమ్మ. మూలనున్న అంకె తిరగబడి కనిపించి పట్టిస్తుందని ఆ మూల కత్తిరించాను. మస్తాన్ కంపెనీలో ఇస్త్రీ చొక్కాల మధ్య పెట్టే గట్టి అట్ట తెప్పించి దాని మీద అంటించాను.

"నువ్వు ఇంజనీరు కావాల్సినోడివి బాబాయ్," అన్నాడు మస్తాన్.

నిజమే అనుకున్నాను.

ఉమ్ అల్ క్వైన్, మళ్ళీ: ఏ చేతికి కట్టు

రెండోసారి వెళ్ళినప్పుడు అసలు కార్డు జేబులో దాచుకుని, అట్ట మాత్రం ఖాదర్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కిటికీ సందులోని వెలుగులో చూసి, అలాగే ఉండిపోయాడు. ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి బొమ్మని. కంబళి మీద పెట్టి పొడవడం మొదలుపెట్టాడు. టక్. టక్. ఆ రోజు ఆ చప్పుడు ఒక తీరున లేదు.

హుసేనమ్మ అట్ట అందుకుని వెనక్కి తిప్పింది. వేళ్ళు మెల్లగా కదిలాయి. మధ్యలో ఆగి, వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊది, మళ్ళీ మొదలుపెట్టింది. విమానం తోక. రెక్క. ముక్కు.

"అన్నా," అంది చాలా చిన్నగా. "తిరిగాడన్నా."

ఆవిడ నవ్వింది. పళ్ళు లేని నవ్వు.

"ముప్పై అయిదు కార్డుల్లోనూ విమానం ఈ పక్కకే పోయుండాది సార్, నా ఎడమ చేతి పక్కకి. ఇందులో ఆ పక్కకి పోతా ఉండాది. వెనక్కి తిప్పాడు! నిజమే చెప్పావన్నా నువ్వు. ఇన్నేళ్ళూ నమ్మలేదే నేను." అంటూ చాప కింద నుంచి పదిహేడు తీసి నా చేతిలో పెట్టింది. "తీసుకుపొండి. ఈ పిల్ల ఇల్లు చేరింది."

కార్డు చేతిలో పడింది. దబ్బనం పోట్లతో అట్ట జల్లెడలా, ఆకులా తేలిగ్గా ఉంది. జేబులో పెట్టుకున్నాను. ఖాదర్ నా మోచెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కెళ్ళాడు.

"ఆ బొమ్మ ఏడ దొరికింది సార్ మీకు?"

"నా దగ్గరున్నదే."

"అబద్ధం. ఆఖరి రీలు నేను చూశా. దొర తిరగలా. యుద్ధం ముందరుండాదని పోయాడు, ఆ పిల్ల ఆడే ఉండిపోయె. జొరంలో ఉండే పిల్లకి ఆ మాట ఎట్టా చెప్పేది? తిరిగాడని నేను కట్టి చెప్పా. నా నోట్లో పుట్టిన మాట సార్ అది. కార్డు మీదికి ఎట్టొచ్చె? ఇది ఎవరు గీశారు?" ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "వెతకమని ఈమె పోరు పెడితే, దొరక్కూడదనే అంత దూరం బర్ దుబాయ్‌లో చెప్పొచ్చా నేను."

ఒక్క క్షణం నేనూ నమ్మాను. ఆయన అన్న మాటే అరవై ఏళ్ళు నానీ నానీ అట్ట మీద అచ్చయిందని నిజంగానే అనిపించింది. తర్వాత జేబులో చెయ్యి పెట్టాను. అసలు కార్డు తీశాను. విమానం కుడివైపు పోతోంది, తక్కిన ముప్పై అయిదింటిలాగే. ఆఖరి రీలు నేను చూడనేలేదు, వెనకున్న చిన్నక్షరాల ఇంగ్లీషు అప్పటిదాకా చదవనూ లేదు; అందులోనూ అదే రాసి ఉంది: ముందుకే పోయాడు. దొరని వెనక్కి తిప్పింది నేను. నా జిరాక్సు. నా తెలివి.

"బయట గొణగబాకండి," అని లోపల నుంచి గొంతు. "ఇట్టా రండి ఇద్దరూ."

వెళ్ళాం. ఆవిడ నవ్వు లేదు. అట్ట ఇంకా ఒళ్ళోనే ఉంది.

"ముప్పయ్యో కార్డులో దొర చేతికి గుండు తగిలింది. అప్పట్నించీ కట్టు ఉండాది. నా వేళ్ళకి ఎప్పుడూ ఈ పక్క చేతికి తగిలేది. ఇందులో ఆ పక్క చేతికుండాది. కట్టు మారిందా సార్?"

నోరు మూసుకుంటే పదిహేడు నాది. అప్పటికే నా జేబులో ఉంది.

"గాయం మానాక రెండో చేతికి కూడా తగిలిందమ్మా," అన్నాను. "కార్డు వెనక రాశారు. రెండు గుండ్లు. కాదు, మూడు."

"మూడా?"

"రెండు," అన్నాను. ఆవిడ వేలు కట్టు మీదే పెట్టి కూర్చుంది. చివరికి చెప్పేశాను: "ఒక్కటీ లేదు. బొమ్మ నేను తిప్పించానమ్మా. మీకు సవ్యంగా అందాలని. దొర తిరగలేదు."

ఆవిడ అన్న వైపు మొహం తిప్పింది.

"అరవై ఏళ్ళు మోసం చేశావన్నమాట నన్ను."

"అరవై ఏళ్ళు నువ్వు నన్ను నమ్మలా కదే," అన్నాడు ఖాదర్. "నమ్మకుండా మోసపోయిందెక్కడ నువ్వు?"

ఆవిడ ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. నేనూ నవ్వబోయాను. అంతలో ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అయితే ఆ పిల్ల ఇంకా ఆడే ఉండాది."

ఖాదర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీళ్ళలో నిలబడే ఉండాది. సార్, పదిహేడు ఇటివ్వండి."

"అమ్మా, మాటిచ్చారు..."

"ఇల్లు చేరిందని ఇచ్చా. చేరలేదు గదా. ఒంటరిగా ఉండే పిల్లని ఎట్టా పంపించేది?" చెయ్యి చాచి అలాగే ఉంచింది. ఆ వేలి కొసలు నున్నగా, రంగు లేకుండా, గవ్వల్లా ఉన్నాయి.

ఇచ్చేశాను. పట్టుకున్నది ఒక గంట కూడా కాలేదు.

ఆవిడ కార్డుని చాప మీద పెట్టి, పక్కన కొంచెం చోటు వేలితో చదును చేసింది.

"మీ ఫోటో ఏదన్నా ఉండాదా సార్?"

వీసా కోసం తీయించుకున్న పాస్‌పోర్టు ఫోటోలు జేబులోనే ఉన్నాయి. లేవని చెప్పాను. ఆవిడ మళ్ళీ చెయ్యి చాచింది. ఉన్నాయని చెప్పాను.

"ఒకటి ఇచ్చి పొండి. మీరు ఊరికి పోతారు, ఫోటోకి ఏం పని? దీవిలో ఆ పిల్లకి తోడుంటది. ఆమె కోసం ఇంత దూరం వచ్చినోళ్ళు మీరొక్కరే గదా."

ఖాదర్ నా ఫోటోని చొక్కా అట్ట ముక్క మీద అంటించాడు. కంబళి మీద పెట్టాడు. కుట్టుమిషను సొరుగులోంచి దబ్బనం తీశాడు.

"ముందు కళ్ళు పొడువన్నా," అంది హుసేనమ్మ. "ఆయన ఆ పిల్లని చూడాల గదా."

సెలవు తీసుకుని లేచాను. గుమ్మం దాటుతుండగా మొదటి టక్కు వినిపించింది. నా కుడి కన్ను దానంతట అదే మూసుకుంది. అయినా వెనక్కి తిరక్కుండా, తొణక్కుండా, నిదానంగా రోడ్డుదాకా నడిచాను.

నడవలేదు. రెండో టక్కుకి పరుగెత్తాను.